కాదు, లేదు, లేదా

"మరియు" అనే మాటని నోటితో పలికిన మనిషిని మా సఖినేటిపల్లిలో నేనింతవరకు చూడలేదు. అది పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, పెళ్ళి శుభలేఖల్లో ఉంటుంది, ఆఫీసు నోటీసు బోర్డు మీద ఉంటుంది. మాటల్లో మాత్రం ఉండదు. "అమ్మా నాన్నా వచ్చారు" అంటాం. "ఉప్పూ కారం సరిపోయాయా" అంటాం. రెండు మాటల చివరా కాస్త దీర్ఘం తీస్తే చాలు, రెండూ కలిసిపోతాయి. సి లాంగ్వేజిలో అదే పనికి && అని రెండు గుర్తులు కొట్టాలి. మనకి దీర్ఘమే ఆపరేటర్.

ఫస్టియర్‌లో లాజికల్ ఆపరేటర్లు ఒక్క క్లాసులో అయిపోతాయి. ఆండ్, ఆర్, నాట్. బోర్డు మీద ట్రూత్ టేబుల్ గీస్తారు, మనం రాసుకుంటాం, పరీక్షలో రెండు మార్కులకి వస్తుంది, రాసేస్తాం. లూపులు, పాయింటర్లు, రికర్షన్ వచ్చేసరికి ఇవి చిన్నపిల్లల ఆటలా అనిపిస్తాయి. కానీ నాలుగేళ్ళు చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, పాయింటర్ తప్పయితే ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది, అందరికీ తెలుస్తుంది. కండిషన్ తప్పయితే ఏమీ అవ్వదు. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, చక్కగా తప్పు సమాధానం చెబుతుంది. ఆ సమాధానం మీద ఎవరి జీవితమైనా ఆధారపడి ఉంటే, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఈ వ్యాసం దాని గురించే.

రేవులో షార్ట్ సర్క్యూట్

మా ఊరు తెలీని వాళ్ళకి రెండు ముక్కలు. వశిష్ఠ గోదావరికి ఈ ఒడ్డున సఖినేటిపల్లి, ఆ ఒడ్డున నరసాపురం. ఇటు కోనసీమ జిల్లా, అటు పశ్చిమ గోదావరి. ఇంకాస్త కిందికి వెళ్తే అంతర్వేది, అక్కడ గోదావరి సముద్రంలో కలుస్తుంది. మాకూ నరసాపురానికీ మధ్య వంతెన కావాలని పెద్దవాళ్ళు దశాబ్దాలుగా అడుగుతున్నారు. ఈలోపు రేవులో పంటు ఉంది. మనుషులూ, మోటారు సైకిళ్ళూ, ఆటోలూ, కార్లూ అన్నీ దాని మీదే దాటతాయి. వరదొస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు మలికిపురం, దిండి మీదుగా వెళ్ళి చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు వైపు నుంచి చుట్టు తిరిగి నరసాపురం చేరాలి.

ఇప్పుడు ఆర్ ఆపరేటర్ చూడండి:

నరసాపురం వెళ్ళొచ్చు = పంటు నడుస్తోంది || చించినాడ దారి తెరిచుంది

మా ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారు? ముందు రేవు వైపు చూస్తారు. పంటు నడుస్తుంటే చించినాడ సంగతి ఆలోచించనే ఆలోచించరు. దారి బాగుందా, బస్సు ఉందా అని ఎవరికీ ఫోన్ చెయ్యరు. పంటు ఆగిందని తెలిశాకే రెండో దారి సంగతి. సి లాంగ్వేజి కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. || కి ఎడమవైపు ఉన్నది నిజమైతే కుడివైపు ఉన్నదాన్ని ముట్టుకోదు. అదే && అయితే ఎడమవైపు అబద్ధమైతే చాలు, కుడివైపుకి వెళ్ళదు. దీన్నే షార్ట్ సర్క్యూట్ ఎవాల్యుయేషన్ అంటారు.

ఇది కేవలం టైము ఆదా చేసే చిట్కా కాదు. పాయింటర్ నల్ కాదని ముందు చూసుకుని, ఆ తర్వాతే దాని లోపలికి తొంగిచూసే కండిషన్లు మనం రోజూ రాస్తాం. ఆ వరసే మన ప్రోగ్రామ్‌ని కాపాడుతుంది. వరస మారితే క్రాష్. లెక్కల్లో "ఎ ఆండ్ బి", "బి ఆండ్ ఎ" ఒకటే. ప్రోగ్రామ్‌లో ఒకటి కాకపోవచ్చు. పడవ ఉందో లేదో చూసి కాలు పెట్టడానికీ, కాలు పెట్టాక పడవ కోసం చూడటానికీ ఎంత తేడా ఉందో అంత తేడా.

&& బదులు ఒక్క & పెడితే ఈ కాపలా పోతుంది. ఒక్క & రెండువైపులా లెక్కగడుతుంది, పైగా బిట్ల మీద పనిచేస్తుంది. ఇంకో ఇబ్బంది, సి లో & కంటే == కే ముందు హక్కు. సి కి ముందున్న బి లాంగ్వేజిలో కండిషన్లకీ, బిట్లకీ ఒక్క & తోనే సరిపెట్టేవాళ్ళు. && తర్వాత వచ్చింది. అప్పటికే రాసిన ప్రోగ్రాములు పాడవకూడదని & స్థానం మార్చలేదు. యాభై ఏళ్ళ నాటి ఆ మొహమాటం వల్ల ఈరోజుకీ మనం బ్రాకెట్లు వేసుకుంటూనే ఉన్నాం.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి మూడు అంకెలు నోటికొచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 కి రెండోది. 17.75 కి మూడోది. టీవీలో ఆ అంకె పెరుగుతుంటే లంకల్లో గొడ్లని గట్టు మీదకి తోలతారు, సామాన్లు అటక మీదకి ఎక్కిస్తారు. 1986 వరద గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటింది, అది మేం చూశాం.

మొదటి హెచ్చరిక మాత్రమే అమల్లో ఉందో లేదో చెప్పే కండిషన్ రాయమంటే, లెక్కల నోట్సులో రాసినట్టు చాలామంది ఇలా రాస్తారు:

11.75 <= మట్టం < 13.75

చూడ్డానికి ఏ తప్పూ లేదు. సి కంపైలర్ వార్నింగ్ ఇస్తే ఇస్తుందేమో గానీ ఎర్రర్ అనదు. వేసవిలో మట్టం 4 అడుగులు ఉందనుకోండి. 11.75 <= 4 అబద్ధం, అంటే 0. ఆ తర్వాత 0 < 13.75 నిజం. హెచ్చరిక! వరద పోటు మీదుండి మట్టం 20 అడుగులు ఉందనుకోండి. 11.75 <= 20 నిజం, అంటే 1. ఆ తర్వాత 1 < 13.75, అదీ నిజం. మళ్ళీ మొదటి హెచ్చరికే! గోదావరి ఎండినా, ఊరు మునిగినా ఈ ప్రోగ్రామ్ ఒకటే మాట చెబుతుంది. ఎప్పుడూ ఒకే మాట చెప్పే వాడి మాట రెండు రోజుల తర్వాత ఎవరూ వినరు. అసలు ప్రమాదం అదీ.

రాయాల్సింది ఇలా:

11.75 <= మట్టం && మట్టం < 13.75

పైథాన్‌లో అయితే మొదటిది రాసినా రెండోదానిలాగే అర్థం చేసుకుంటుంది. ఆ లాంగ్వేజి మనుషుల అలవాటుకి తలవంచింది. సి వంచలేదు. ఏ లాంగ్వేజి ఎక్కడ వంగుతుందో తెలుసుకోవడమే సగం చదువు.

కాదుకీ లేదుకీ మధ్య

నాట్ ఆపరేటర్ దగ్గరికి వస్తే, ఇంగ్లీషువాళ్ళకంటే మనం ఒక మెట్టు పైనున్నామని నా నమ్మకం. మనకి రెండు నాట్‌లు ఉన్నాయి. "ఇది పంటు కాదు" అంటే ఎదురుగా ఏదో ఉంది, అది నాటుపడవో లాంచీయో, పంటు మాత్రం కాదు. "పంటు లేదు" అంటే రేవు ఖాళీ. "ఆయన డాక్టరు కాదు", "డాక్టరు లేరు" అన్న రెండింటినీ చిన్నపిల్లాడు కూడా కలగలపడు.

ఈ తేడాని మన పూర్వులు శాస్త్రంగానే పట్టుకున్నారు. పదిహేడో శతాబ్దానికి చెందిన అన్నంభట్టు అనే తెలుగు పండితుడు "తర్కసంగ్రహం" అని చిన్న పుస్తకం సంస్కృతంలో రాశాడు. దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్ళు మొదట పట్టుకునేది ఆ పుస్తకాన్నే. అందులో లోకంలో ఉన్నవాటిని ఏడు పదార్థాలుగా విభజించి, ఏడోదిగా "అభావం" పెట్టాడు. లేకపోవడం కూడా ఒక పదార్థమే అన్నమాట. మళ్ళీ ఆ అభావం నాలుగు రకాలు. కుండ ఇంకా తయారవకముందు ఉండే లేమి ప్రాగభావం. కుండ పగిలిపోయాక ఉండే లేమి ప్రధ్వంసాభావం. ఎప్పటికీ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాకపోవడం, అంటే కుండ గుడ్డ కాకపోవడం, అన్యోన్యాభావం.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు సి లాబ్ గుర్తొచ్చింది. వేరియబుల్ డిక్లేర్ చేసి ఇంకా విలువ ఇవ్వకపోతే ప్రాగభావం. మెమరీ ఫ్రీ చేసేశాక పాయింటర్ ఇంకా అటే చూపిస్తుంటే ప్రధ్వంసాభావం. నల్ అయితే అత్యంతాభావానికి దగ్గర. != పెడితే అన్యోన్యాభావం. పోలిక అంగుళం తేడా లేకుండా అతుకుతుందని అనను, కానీ మనం ప్రోగ్రామ్‌లో పడే తిప్పలు సగం ఈ నాలుగు లేములని ఒకటే అనుకోవడం వల్లే వస్తాయి. మొదటి మూడూ తెలుగులో "లేదు". నాలుగోది "కాదు".

డేటాబేస్ దగ్గర ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. మా కోనసీమ అంతా గోదావరి కాలవల కింద మాగాణి, కొబ్బరితోటలు. మెట్ట భూమి అనే మాటే మాకు పెద్దగా పనికిరాదు. ఒక ఫారంలో "మెట్ట భూమి ఎన్ని ఎకరాలు" అని గడి ఉంటే, ఒకరు 0 అని రాస్తారు, ఒకరు ఖాళీగా వదిలేస్తారు. మనిషికి రెండూ ఒకటే. ఎస్‌క్యూఎల్‌కి కాదు. 0 అంటే "భూమి లేదు". ఖాళీ అంటే నల్, "సమాచారం లేదు". "మెట్ట 10 లోపు ఉందా" అని అడిగితే 0 కి నిజం అని వస్తుంది. నల్‌కి నిజమూ రాదు, అబద్ధమూ రాదు, "తెలియదు" అని మూడో విలువ వస్తుంది. "తెలియదు"కి నాట్ పెట్టినా మళ్ళీ "తెలియదు" అనే వస్తుంది. అందుకని గడి ఖాళీగా వదిలిన మనిషి అర్హుల జాబితా తీసినా కనపడడు, అదే కండిషన్‌కి నాట్ పెట్టి అనర్హుల జాబితా తీసినా కనపడడు. రెండు జాబితాలు కలిపి చూస్తే ఊరి జనాభాలో ఒకరు తగ్గుతారు. బతికున్న మనిషికి ఇంతకంటే అభావం ఏముంటుంది?

అందరూ రాలేదు

రెండు నాట్‌లు ఉన్నాయని గర్వపడ్డాను గానీ, తెలుగు ఒకచోట మనల్ని ముంచుతుంది. "అందరూ రాలేదు" అనండి. ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? మాట్లాడేటప్పుడు గొంతుని బట్టి తెలుస్తుంది. రాసినప్పుడు తెలీదు. "ఫీజు రసీదు, ఐడీ కార్డు లేనివారిని పరీక్షకు అనుమతించరు" అని నోటీసు పెడతారు. రెండూ లేనివాళ్ళనా? ఏ ఒక్కటి లేకపోయినా ఆపేస్తారా? గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఇష్టం.

ఈ చిక్కుని విప్పే సూత్రం మనందరికీ తెలిసిందే, డిమోర్గాన్ సూత్రాలు. !(ఎ && బి) అంటే !ఎ || !బి. !(ఎ || బి) అంటే !ఎ && !బి. నాట్ లోపలికి వెళ్తే ఆండ్ ఆర్ అవుతుంది, ఆర్ ఆండ్ అవుతుంది. "రసీదూ కార్డూ రెండూ ఉండాలి" అన్నదానికి వ్యతిరేకం "రెండూ లేవు" కాదు, "ఏదో ఒకటి లేదు".

ఆగస్టస్ డిమోర్గాన్ పుట్టింది మన పక్క రాష్ట్రంలోనే, మదురైలో, 1806లో. పసితనంలోనే ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోయారు. లండన్‌లో లెక్కల ప్రొఫెసర్ అయ్యాడు. 1847లో తర్కం మీద పుస్తకం వేశాడు. అదే ఏడాది జార్జ్ బూల్ అనే మరొకాయన కూడా తర్కాన్ని బీజగణితంలా రాయొచ్చని చిన్న పుస్తకం వేశాడు. బూల్ తండ్రి చెప్పులు కుట్టేవాడు. బూల్ ఏ యూనివర్సిటీలోనూ చదువుకోలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. ఈరోజు ప్రతి లాంగ్వేజిలో "బూలియన్" అని టైపు చేస్తున్నాం. వీళ్ళిద్దరూ రాసింది తొంభై ఏళ్ళ పాటు కాగితం మీదే ఉండిపోయింది. 1937లో క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు తన మాస్టర్స్ థీసిస్‌లో, ఈ బీజగణితం స్విచ్చులకీ రిలేలకీ సరిగ్గా సరిపోతుందని చూపించాడు. రెండు స్విచ్చులు వరసగా పెడితే ఆండ్, పక్కపక్కన పెడితే ఆర్. మేడమెట్ల కింద ఒకటీ పైన ఒకటీ స్విచ్చులు పెట్టి ఒకే బల్బుని వెలిగించే వైరింగ్ ఎక్స్‌క్లూజివ్ ఆర్. మన ఊళ్ళలో కరెంటు పనివాళ్ళు ఏ సర్టిఫికెట్టూ లేకుండా చేసేది ఇదే.

మూడెకరాల "లేదా"

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2019-20లో మన ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బియ్యం కార్డులు ఇచ్చినప్పుడు అర్హతకి కొన్ని నిబంధనలు పెట్టారు. పల్లెల్లో అయితే కుటుంబ ఆదాయం నెలకి 10,000 లోపు, పట్టణాల్లో 12,000 లోపు ఉండాలి. కరెంటు వాడకం నెలకి 300 యూనిట్ల లోపు ఉండాలి. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కానీ ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే ఫర్వాలేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనర్ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులైతే ఫర్వాలేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు ఉండకూడదు. పట్టణంలో పెద్ద ఇల్లు ఉండకూడదు. ఇక భూమి: మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు.

మా బ్యాచ్ మినీ ప్రాజెక్టుకి ఈ నిబంధనలనే తీసుకుని "అర్హత చెకర్" చేశాం. భూమి కండిషన్ రాసిన మిత్రుడు వాక్యంలో ఉన్నది ఉన్నట్టు దించాడు:

మాగాణి < 3 || మెట్ట < 10 || మొత్తం < 10

అందరం చూశాం, బాగానే ఉంది. తెలుగు వాక్యంలో "లేదా" ఉంది, ప్రోగ్రామ్‌లో || ఉంది. టెస్ట్ చేసేటప్పుడు మాత్రం మా ఊరి లెక్క వేశాను. మాగాణి 20 ఎకరాలు, మెట్ట 0. మొదటిది అబద్ధం. రెండోది, 0 < 10, నిజం! ఇరవై ఎకరాల మాగాణి ఆసామి పేదల జాబితాలోకి వచ్చేశాడు. మెట్ట అనేదే లేని కోనసీమలో ఈ కండిషన్ పెడితే భూమి పేరు మీద ఒక్కరూ ఆగరు.

మరి వాక్యంలో "లేదా" ఎందుకుంది? ఆ వాక్యం రకాల గురించి మాట్లాడుతోంది. మాగాణి రైతువైతే ఇంత, మెట్ట రైతువైతే ఇంత, రెండూ ఉంటే ఇంత అని. మనిషి విన్నప్పుడు తన రకం ఏదో తనే వెతుక్కుంటాడు. యంత్రానికి రకాలు తెలీవు, అంకెలే తెలుసు. అందుకని దానికి చెప్పాల్సింది:

మాగాణి < 3 && మెట్ట < 10 && మొత్తం < 10

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. మొత్తం 10 లోపు ఉంటే మెట్ట ఎలాగూ 10 లోపే ఉంటుంది. కాబట్టి మధ్యది అక్కర్లేదు. మాగాణి < 3 && మొత్తం < 10 చాలు. డిమోర్గాన్ ప్రకారం అనర్హత కండిషన్ మాగాణి >= 3 || మొత్తం >= 10. "లేదా" అసలు ఉండాల్సిన చోటు అనర్హతలో. తెలుగు వాక్యంలో దాన్ని అర్హతలో వాడాం. వాక్యం తప్పు కాదు, ప్రోగ్రామ్ రాయడం తప్పు కాదు, ఒకదాన్ని ఇంకోదానిలోకి మాటకి మాట దించడం తప్పు.

అయిదు ఒకట్లూ ఒక సున్నా

ఇది ప్రాజెక్టు సంగతి. మార్కులొచ్చాయి, అయిపోయింది. కానీ ఈ కండిషన్లు కాగితం మీద ఆగిపోయేవి కాదు.

మా వీధిలో ఒక మామ్మగారు ఉన్నారు. తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. ముందు వాటాలో కొడుకు కుటుంబం, వెనక ఒక్క గదిలో ఆవిడ. పొయ్యి వేరు, కార్డు వేరు. కరెంటు మీటర్ మాత్రం ఒకటే, అదీ తాతగారు ఉన్నప్పుడు పెట్టించింది, ఆ తర్వాత మామ్మగారి పేరుకి మారింది. కొడుకు ముందు వసారాలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. కూల్‌డ్రింకుల కోసం ఒక ఫ్రీజర్ తెచ్చాడు. ఎండాకాలం రాత్రీ పగలూ అది తిరుగుతూనే ఉంటుంది. ఒక నెల నుంచి మామ్మగారికి బియ్యం ఆగిపోయాయి.

ఆవిడ ఆఫీసుకి వెళ్ళారు. "అనర్హులు అని వస్తోందండి" అన్నారు. ఎందుకని అడిగితే "సిస్టమ్‌లో అలా ఉందండి" అన్నారు. రెండోసారి వెళ్తే చూడాల్సినాయన లేరు. మూడోసారి నేను సెలవులకి ఇంటికి వచ్చి ఉన్నాను, తోడు వెళ్ళాను. ఒకాయన ఓపిగ్గా వెతికి, యూనిట్లు 300 దాటాయని చెప్పాడు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయన ముందున్న తెర మీద అంతకంటే లేదు.

తిరిగొస్తూ దారిలో మామ్మగారు అడిగారు. "ఏరా నాన్నా, నాకు కారు లేదు. సెంటు భూమి లేదు. ఉద్యోగం లేదు. పన్ను అంటే ఏంటో కూడా నాకు తెలీదు. అవేమీ చూడలేదా వాళ్ళు?"

"చూడక్కర్లేదు మామ్మగారూ. అన్నీ నిజమైతేనే ఇస్తారు. ఒకటి తప్పిందంటే మిగతావి ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు" అన్నాను.

"అదేం న్యాయంరా?" అన్నారు.

నేను చదివిన చదువు ప్రకారం నా దగ్గర సమాధానం ఉంది. && అంటే అంతే. అయిదు ఒకట్ల పక్కన ఒక్క సున్నా వస్తే జవాబు సున్నా. ట్రూత్ టేబుల్‌లో దానికి అప్పీలు లేదు. ఆపరేటర్ సరిగ్గానే పనిచేసింది. కండిషన్ కూడా రాసింది రాసినట్టే ఉంది. తప్పు ఎక్కడుందంటే ఆ ఒక్క అంకెలో. నిబంధన అడిగింది "ఈ కుటుంబం వాడిన కరెంటు ఎంత" అని. మిషన్‌కి దొరికింది "ఈ పేరున్న మీటర్ ఎంత తిరిగింది" అని. రెండూ ఒకటి కాదు. ఒక మీటర్ మీద రెండు పొయ్యిలూ ఒక కొట్టూ ఉన్నాయని ఏ గడిలోనూ రాయలేదు.

చివరికి మామ్మగారి గదికి వేరే మీటర్ పెట్టించారు. కాగితాలు మళ్ళీ పెట్టారు. కొన్ని నెలలకి బియ్యం మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో ఆ నెలలు ఆవిడ బయట కొనుక్కునే తిన్నారు. కొడుకు ఇస్తానన్నా, "నీ పిల్లలకి చూసుకో" అని తీసుకోలేదు. ఆ నెలల లెక్క ఏ డేటాబేస్‌లోనూ లేదు.

న్యాయం అనే మాట

మామ్మగారి మాట నన్ను చాలారోజులు వదల్లేదు. ఎందుకంటే తర్కశాస్త్రానికి మన పూర్వులు పెట్టిన పేరు "న్యాయం". అన్నంభట్టు రాసింది న్యాయ, వైశేషిక శాస్త్రాల గురించే. ఇంగ్లీషులో లాజిక్ వేరు, జస్టిస్ వేరు. మనకి రెండింటికీ ఒకే మాట ఉంది. ఆవిడ జస్టిస్ గురించి అడిగారు, నేను లాజిక్ గురించి చెప్పాను. ఒకే మాట వాడుతూ ఇద్దరం రెండు ఒడ్డుల మీద ఉన్నాం.

ఆ తర్వాత నుంచి మనుషుల గురించి ఏ కండిషన్ రాసినా కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. పెద్ద విషయాలేం కావు, ఎవరైనా చెయ్యొచ్చు.

మొదటిది, అన్ని షరతులనీ ఒకే లైన్లో && లతో కట్టను. ఒక్కో షరతుకీ ఒక్కో వేరియబుల్. అన్నీ లెక్కగట్టాకే చివర్లో కలుపుతాను. పాయింటర్ల దగ్గర షార్ట్ సర్క్యూట్ కావాలి, మనుషుల దగ్గర వద్దు. మొదటి సున్నా దగ్గరే ఆగిపోయిన ప్రోగ్రామ్‌కి "ఎందుకు" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఆదా అయ్యేది మైక్రోసెకన్లు, పోయేది ఒక ముసలావిడ మూడు ప్రయాణాలు.

రెండోది, జవాబు "అనర్హులు" అని ఒక్క మాటలో ఇవ్వను. ఏ షరతు తప్పింది, ఏ అంకె వల్ల తప్పింది, ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది, మూడూ ప్రింట్ చేస్తాను. "కరెంటు: 300 దాటింది, ఫలానా మీటర్ నుంచి" అని మొదటిరోజే కాగితం మీద వచ్చుంటే మామ్మగారే చెప్పేవారు, "ఆ మీటర్ మా ఇద్దరిదీనండీ" అని.

మూడోది, ఖాళీ గడిని సున్నా అనుకోను, అబద్ధం అనీ అనుకోను. "కాదు"కీ "లేదు"కీ "తెలియదు"కీ మూడు వేరే దారులు పెడతాను. "తెలియదు" అని వచ్చినవాళ్ళని జాబితా నుంచి తీసెయ్యడం కాదు, వెళ్ళి అడగాలి.

నాలుగోది, కోడ్ రాయకముందు ఆ షరతుని అంకెలతో సహా తెలుగులో పైకి చదువుతాను. రాసిన తెలుగు కాదు, మాట్లాడే తెలుగు. "అందరూ", "లేదా", "లోపు" వచ్చిన ప్రతిచోటా ఆగుతాను. 3 ఎకరాల లోపు అంటే సరిగ్గా 3 ఎకరాలున్న వాడు లోపలా బయటా? ఆ ఒక్క = గుర్తు ఉండటం, లేకపోవడం ఒక ఇంటి సంగతి.

జూనియర్లకి ఒక మాట. మీ లాబ్ రికార్డులో లాజికల్ ఆపరేటర్ల ప్రోగ్రామ్ అంటే మూడు అంకెల్లో పెద్దది ఏదో చెప్పడం, లీపు సంవత్సరం కనిపెట్టడం ఉంటాయి. అవి చెయ్యండి. వాటితో పాటు మీ ఊళ్ళో ఎవరికో ఏదో ఆగిపోయిన ఒక నిబంధన తీసుకుని, దాన్ని కూడా రాయండి. పైథాన్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, నడుస్తుంది. రాసి, తెలిసిన పది ఇళ్ళ లెక్కలు వేసి చూడండి. జవాబు ఎక్కడ సున్నా వస్తుందో ఆ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి, సున్నా నిజమేనా అని ఒకసారి అడగండి.